అమెరికాలో అమ్మానాన్నలకు ఎస్‌ఎస్‌ఐ: ఎవరికి అక్కరకొస్తుంది, ఎక్కడ దెబ్బ తీస్తుంది

అరవై దాటాక పిల్లల దగ్గరికి గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు అమెరికాలో సోషల్ సెక్యూరిటీ పెన్షన్ రాదు. అది రావాలంటే 40 క్వార్టర్లు, అంటే కనీసం పదేళ్ల పని ఉండాలి. భారత్‌కీ అమెరికాకీ మధ్య టోటలైజేషన్ ఒప్పందం లేదు కాబట్టి గుంటూరులోనో వరంగల్‌లోనో ముప్పై ఏళ్లు చేసిన ఉద్యోగం ఇక్కడ ఒక్క క్వార్టర్‌గా కూడా లెక్కకు రాదు. అలాంటి వాళ్లకు మిగిలే దారి సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్, అందరూ అనే మాటలో ఎస్‌ఎస్‌ఐ. 1974 జనవరి నుంచి నడుస్తోంది. చూసేది సోషల్ సెక్యూరిటీ ఆఫీసే అయినా డబ్బు వచ్చేది జీతాల్లో కోసిన పన్ను నుంచి కాదు, ప్రభుత్వ సాధారణ ఖజానా నుంచి. అందుకే వయసు మీద దరఖాస్తు చేసిన 65 దాటిన వాళ్లను ఎన్నాళ్లు పనిచేశారని అడగరు. ఆదాయమెంత, ఆస్తి ఎంత, పౌరసత్వం ఉందా, ఎవరి ఇంట్లో ఉంటున్నారు అన్నవే అడుగుతారు. ఇచ్చినన్నాళ్లూ అడుగుతూనే ఉంటారు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. అమెరికాలోనే స్థిరపడిపోయి, ఇండియాలో తమ పేరిట పెద్దగా ఏమీ లేని పెద్దవాళ్లకు ఇది గట్టి ఊతం. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ ఉండేవాళ్లకు, ఊళ్లో పొలమో హైదరాబాద్‌లో ఫ్లాటో ఉన్నవాళ్లకు ఇది కుదరదు. కుదరనిదాన్ని కుదిర్చే ప్రయత్నంలోనే చాలా కుటుంబాలు తీసుకున్న డబ్బు తిరిగి కట్టే పరిస్థితిలో పడతాయి. మీ ఇల్లు ఈ రెండింటిలో ఏ వైపో దరఖాస్తుకు ముందే తేల్చుకోండి.

ఎంత వస్తుంది

2026లో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గరిష్ఠ మొత్తం ఒక్కరికి నెలకు 994 డాలర్లు, ఇద్దరికీ అర్హత ఉన్న దంపతులకు కలిపి 1,491. ధరల పెరుగుదలను బట్టి ఏటా జనవరిలో ఇది మారుతుంది. 2025లో ఇవి 967, 1,450. దంపతులకు రెండు 994లు రావన్నది గమనించండి. దీనిపైన కొన్ని రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి. కాలిఫోర్నియా బాగానే కలుపుతుంది, న్యూజెర్సీ కొద్దిగా ఇస్తుంది. టెక్సస్‌లో మామూలు ఇంట్లో ఉండేవాళ్లకు అదనంగా ఏమీ రాదు. డాలస్‌లోని వదినగారికి, శాన్‌హోజేలోని మేనత్తకు వేర్వేరు మొత్తాలు రావడానికి కారణం ఇదే.

డబ్బు కంటే విలువైనది దానితో వచ్చే మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా. టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, జార్జియాల్లో ఎస్‌ఎస్‌ఐ మంజూరైతే మెడికెయిడ్ దానంతట అదే వస్తుంది. ఇక్కడ పని చేయని పెద్దవాళ్లు గ్రీన్‌కార్డు మీద ఐదేళ్లు వరుసగా ఉన్నాక 65 దాటినవాళ్ల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ కొనుక్కోవచ్చు కానీ, 2026లో పార్ట్ ఎ (ఆసుపత్రి ఖర్చు) ప్రీమియం నెలకు 565 డాలర్లు, పార్ట్ బి (డాక్టరు ఖర్చు) 202.90. ఎస్‌ఎస్‌ఐ ఉన్నవాళ్ల పార్ట్ బి ప్రీమియం రాష్ట్రమే కడుతుంది. షుగరు, బీపీ, మోకాళ్ల ఆపరేషన్ లెక్క వేసుకుంటే ఈ పథకం అసలు బలం అక్కడే ఉంది.

గ్రీన్‌కార్డు చాలదు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 1996 ఆగస్టు 22న వచ్చిన సంక్షేమ చట్టం తర్వాత, ఆ తేదీకి తర్వాత వచ్చిన గ్రీన్‌కార్డుదారుకు ఎస్‌ఎస్‌ఐ రావాలంటే ఐదేళ్లు గడవడమే కాదు, 40 క్వార్టర్లు కూడా ఉండాలి. భార్య లెక్కలో భర్త క్వార్టర్లు, భర్త లెక్కలో భార్యవి కలుపుకోవచ్చు. కొడుకువి, కూతురివి కలవవు. పిల్లలు ఇరవై ఏళ్లుగా పన్ను కడుతున్నారు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే అయినా చట్టంలో దానికి చోటు లేదు. శరణార్థులకు, ఆశ్రయం పొందినవాళ్లకు ఏడేళ్ల పాటు వేరే నియమం ఉంది. మన కుటుంబాల్లో అది అరుదు.

దీనికి తోడు, స్పాన్సర్ చేసినప్పుడు వీళ్ల పోషణ మాదీ అని కొడుకో కూతురో సంతకం పెట్టిన హామీ పత్రం, ఐ-864 అఫిడవిట్ ఉంటుంది. అది అమల్లో ఉన్నంత కాలం స్పాన్సర్ ఆదాయం, ఆస్తి అమ్మానాన్నలదిగానే లెక్కేస్తారు. ఐటీ జీతం కలిపాక ఎవరికీ అర్హత మిగలదు. ఆ బాధ్యత స్పాన్సర్ చేయబడిన వ్యక్తి పౌరసత్వం తీసుకున్న రోజున, లేదా 40 క్వార్టర్లు పూర్తయినప్పుడు ముగుస్తుంది. అందుకే మన పెద్దవాళ్లలో చాలామందికి ఆచరణలో ఉన్న దారి ఒక్కటే: ఐదేళ్లు ఉండి, సిటిజన్‌షిప్ తీసుకుని, ఆ తర్వాత దరఖాస్తు. కాలిఫోర్నియాలో మాత్రం, కేవలం వలస హోదా కారణంగా ఎస్‌ఎస్‌ఐ రానివాళ్లకు రాష్ట్రం సొంతంగా నడిపే క్యాపీ అనే పథకం ఉంది. అక్కడా స్పాన్సర్ ఆదాయం చూస్తారు.

సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400ను ఐదేళ్లు నిండటానికి 90 రోజుల ముందే వేయవచ్చు. ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద 760. ఇంటి ఆదాయం తక్కువైతే 380. ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా నేల మీద ఉండాలి. ఒకే విడతలో ఆరు నెలలు దాటి ఇండియాలో ఉంటే నివాసం తెగిందని అనుమానిస్తారు, ఏడాది దాటితే తెగినట్టే. పండక్కి వెళ్లి, మనవరాలి ఓణీల ఫంక్షన్ చూసుకుని, ఆ తర్వాత ఇంకెవరిదో పెళ్లికి ఆగిపోయే ప్రయాణాలే ఈ గడువును చెడగొడతాయి.

ఇంగ్లిషు పరీక్ష మినహాయింపుల్లోనూ పొరపాటు పడతారు. 50 ఏళ్ల వయసుతో 20 ఏళ్ల గ్రీన్‌కార్డు, లేదా 55 ఏళ్లతో 15 ఏళ్ల గ్రీన్‌కార్డు ఉంటేనే తెలుగులో పరీక్ష ఇవ్వొచ్చు. డెబ్బై ఏళ్ల వయసుండి గ్రీన్‌కార్డు ఐదేళ్లదే అయితే వయసు ఒక్కటే చాలదు. ఇంగ్లిషు, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) రెండూ రాయాల్సిందే. 2025 అక్టోబరు 20 నుంచి వేసిన దరఖాస్తులకు 128 ప్రశ్నల కొత్త జాబితా నుంచి 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. మతిమరుపు జబ్బు, పక్షవాతం లాంటి వైద్య కారణం వల్ల నేర్చుకోలేని వాళ్లకు డాక్టరు నింపే ఎన్-648 ఫారం ఉంది. అందులో జబ్బు పేరు ఒక్కటి రాస్తే తిరస్కరిస్తారు. ఆ జబ్బు వల్ల కొత్త విషయం నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం ఎందుకు సాధ్యం కాదో డాక్టరు విడమరిచి రాయాలి.

పిల్లల ఇంట్లో ఉంటే కోత ఎలా పడుతుంది

సిటిజన్ అయ్యాక పిల్లల జీతం అమ్మానాన్నల ఖాతాలో కలవదు. వాళ్లు ఇచ్చే నీడ మాత్రం కలుస్తుంది. పిల్లల ఇంట్లో ఉచితంగా ఉంటూ, భోజనమంతా కూడా వాళ్లే పెడుతుంటే నేరుగా మూడో వంతు కోస్తారు: 994లో 331.33 పోయి 662.67 చేతికొస్తుంది. 2024 సెప్టెంబరు 30 నుంచి నియమం కొంత సడలింది. పిల్లలు పెట్టే తిండిని విడిగా ఆదాయం కింద లెక్కించడం మానేశారు. అంతకుముందు కూతురు తెచ్చిన కూరగాయలు కూడా లెక్కలోకి వచ్చేవి. ఇది నిజంగా మంచి మార్పు.

కోత తప్పించుకునే సరైన దారి తమ వాటా తాము కట్టడం. లెక్క ఇలా: ఇంటి మార్ట్‌గేజ్ లేదా అద్దె, ఆస్తి పన్ను, మార్ట్‌గేజ్ బ్యాంకు తప్పనిసరి చేసిన బీమా, కరెంటు, గ్యాస్, నీళ్లు, మురుగు, చెత్త బిల్లులు కలిపి ఇంట్లో ఉన్న తలలతో భాగించాలి. పిల్లల తలలు కూడా కలుస్తాయి. ఇంటర్నెట్, కేబుల్, ఫోన్ ఇందులో లేవు. ఉదాహరణకు కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, అమ్మ, మొత్తం ఐదుగురు. ఖర్చు నెలకు 3,300. తలా 660. అమ్మ తన డబ్బులోంచి 660 కడితే 994 పూర్తిగా వస్తుంది. 500 కడితే లోటు 160. అందులో అందరికీ వర్తించే 20 డాలర్ల మినహాయింపు తీసేస్తే 140 తగ్గి 854 వస్తుంది. ఏమీ కట్టకపోతే పైన చెప్పిన మూడో వంతు.

దీనికి రుజువు కావాలి. ప్రతి నెలా అమ్మ ఖాతా నుంచి కొడుకు ఖాతాకు బదిలీ, మీద ‘ఇంటి ఖర్చు వాటా’ అన్న రాత ఉంటే చాలు. చేతికిచ్చాం అంటే ఎవరూ నమ్మరు. మొదటి చెల్లింపు రాకముందు వాటా కట్టడానికి డబ్బెక్కడిదన్న చిక్కు ఉంటుంది. అందుకు, నీడ ఇవ్వడం మొదలుపెట్టేటప్పుడే, ‘ఈ వాటా అప్పుగా ఇస్తున్నాను, ఎస్‌ఎస్‌ఐ రాగానే తిరిగి కట్టాలి’ అని ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం ఉంటే దాన్ని ఆదాయం కాకుండా అప్పుగా పరిగణించే నియమం ఉంది. తర్వాత నిజంగానే తిరిగి కట్టాలి. వెనక తేదీ వేసి రాసే కాగితం జోలికి వెళ్లొద్దు.

అమ్మానాన్నలు కొడుక్కే ఉన్న వేరే ఫ్లాట్‌లో అద్దెకుంటే ఇంకో లెక్క. 2024 నుంచి దేశమంతటా, ఒప్పందం ప్రకారం కట్టాల్సిన అద్దె 2026 లెక్కన కనీసం 351.33 ఉంటే, బయటి అద్దె ఎంత ఎక్కువున్నా తేడాను సాయంగా చూడరు.

పిల్లలు చేతికిచ్చే నగదు మాత్రం 20 దాటాక డాలరుకు డాలరు తగ్గిస్తుంది. జేబు ఖర్చుకని నెలకు రెండొందలు ఖాతాలో వేసే అలవాటు మానుకోవాలి. అదే డబ్బుతో అమ్మ ఫోన్ బిల్లో, మందుల బిల్లో నేరుగా దుకాణానికి కడితే కోత పడదు.

ఇండియా ఆస్తి: ఇక్కడే ఎక్కువ కేసులు చెడతాయి

ఆస్తి పరిమితి ఒక్కరికి 2,000 డాలర్లు, దంపతులకు 3,000. ఈ అంకెలు 1989 నుంచి మారలేదు. ఈ పథకంలో అతిపెద్ద లోపం ఇదేనని మేము గట్టిగా చెబుతాం. ముసలితనంలో ఒక పంటి చికిత్సకు సరిపడా కూడా దాచుకోనివ్వని పరిమితి ఇది. ప్రతి నెలా 1వ తేదీ తెల్లవారేసరికి ఉన్న మొత్తాన్ని చూస్తారు. పరిమితి ఒక్క డాలరు దాటినా ఆ నెల చెల్లింపు మొత్తం పోతుంది.

తాము ఉంటున్న ఇల్లు, ఒక కారు, ఇంటి సామాను, అంత్యక్రియల కోసం విడిగా పెట్టుకున్న 1,500 వరకు లెక్కలోకి రావు. ఇండియాలోని పొలం, ప్లాటు, ఫ్లాటు, ఎఫ్‌డీలు, పోస్టాఫీసు పొదుపు, షేర్లు అన్నీ వస్తాయి. పొలం కౌలు, ఫ్లాట్ అద్దె ఆదాయం కింద వస్తాయి. దేశం వేరు కదా, ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన ప్రమాదకరం. దరఖాస్తు మీద సంతకం పెట్టేది అబద్ధమైతే శిక్షకు సిద్ధమన్న షరతు కిందే.

బంగారానికి తేడా ఉంది. ఒంటి మీద వేసుకునే పుస్తెలతాడు, గాజులు, గొలుసు వ్యక్తిగత వస్తువులు. లాకర్లో దాచిన బిస్కెట్లు, నాణేలు ఆస్తి.

పొలం ఉందని తెలియగానే చాలామంది చేసే పని, పిల్లల పేరిట గిఫ్ట్ డీడ్ రాసేయడం. అదే పెద్ద దెబ్బ. దరఖాస్తుకు ముందు 36 నెలల్లో ఊరికే ఇచ్చేసిన, లేదా తక్కువకు అమ్మిన ఆస్తి విలువను నెలవారీ మొత్తంతో భాగించి అన్ని నెలలు అనర్హులను చేస్తారు. 30,000 డాలర్ల విలువైన పొలం అయితే 994తో భాగించగా 30 నెలలు. గరిష్ఠం 36. ఆ ఆస్తి తిరిగి తమ పేరిట రాయించుకుంటే శిక్ష పోతుంది కానీ పొలం మళ్లీ లెక్కలోకి వస్తుంది. సరైన విలువకు అమ్మి, ఆ డబ్బును వైద్యానికో, ఇంటి అప్పులో తమ వాటాకో, నిజమైన ఖర్చుకో వాడి రసీదులు దాచుకోవడం నిజాయితీ అయిన దారి.

అన్నదమ్ముల మధ్య ఇంకా పంచుకోని ఉమ్మడి ఆస్తి అయితే, అమ్మే హక్కు చట్టప్రకారం తమకు లేదని కాగితాలతో చూపగలిగితే లెక్కలోంచి తీసేస్తారు. అందుకు పహాణీ, 1బి, ఈసీ, సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చే మార్కెట్ విలువ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఏపీ వాళ్లు మీభూమిలో, తెలంగాణ వాళ్లు భూభారతిలో రికార్డులు ముందే చూసుకోవాలి. ఎప్పుడో అమ్మేసిన భూమి ఇంకా పేరు మీదే కనిపిస్తుంటే సరిచేయించాకే దరఖాస్తు పెట్టండి. ఆఫీసరుకు తెలుగు పట్టా చదవడం రాదు కాబట్టి ఇంగ్లిషు అనువాదం జత చేస్తే పని త్వరగా సాగుతుంది.

ఇండియా నుంచి వచ్చే పెన్షన్ పూర్తిగా ఆదాయమే. నెలకు 350 డాలర్లకు సమానమైతే 20 తీసేసి 330 తగ్గిస్తారు, 664 వస్తుంది. ఎస్‌ఎస్‌ఐ కోసం ఆ పెన్షన్ వదులుకోవడం కుదరదు. వచ్చే హక్కున్న ఇతర పెన్షన్లన్నీ అడిగి తీసుకోవాలన్నది నియమం. జీవన్ ప్రమాణ్ ఇవ్వక ఆగిపోయిన పెన్షన్ ఉంటే దాన్ని మళ్లీ మొదలుపెట్టించాలి.

ఇంకొక ఉచ్చు ఉమ్మడి ఖాతా. తమకేమైనా అయితే ఇబ్బంది ఉండకూడదని కొడుకు తన ఖాతాలో అమ్మ పేరు చేరుస్తాడు. దరఖాస్తుదారు పేరున్న ఖాతాలో ఉన్నదంతా ఆమెదేనని ఆఫీసు అనుకుంటుంది. అమెరికా బ్యాంకుల సమాచారం వాళ్లు కంప్యూటర్ ద్వారానే తెప్పించుకుంటారు. డబ్బు ఎవరిదో రుజువు చేసి ఖాతా విడగొట్టుకునే అవకాశం ఉంది కానీ, దరఖాస్తుకు ముందే పేరు తీయించడం సులువు.

ప్రయాణం

వరుసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే చెల్లింపు ఆగుతుంది. తిరిగొచ్చాక మళ్లీ వరుసగా 30 రోజులు ఇక్కడ ఉంటేనే అర్హత తిరిగి వస్తుంది. ఒక క్యాలెండర్ నెల మొత్తం బయట ఉన్నా ఆ నెల పోతుంది. ఫిబ్రవరిలో 28 రోజులే కాబట్టి జనవరి 31న వెళ్లి మార్చి 1న వస్తే, 30 రోజులు నిండకపోయినా ఫిబ్రవరి డబ్బు రాదు. 12 నెలలు వరుసగా ఆగితే ఫైలు మూసేస్తారు, మళ్లీ కొత్త దరఖాస్తే. సంక్రాంతికి వెళ్తే మూడు వారాల్లో వచ్చేలా టికెట్ తీసుకోండి. అంతకంటే ఎక్కువ ఉండాల్సి వస్తే వెళ్లేముందే ఆఫీసుకు చెప్పి ఆ నెలల డబ్బు వదులుకోండి. చెప్పకుండా వెళ్తే ఖాతాలో పడిన ప్రతి డాలరూ తిరిగి కట్టాలి.

దరఖాస్తు

1-800-772-1213కు ఫోన్ చేసి ఎస్‌ఎస్‌ఐకి దరఖాస్తు చేయాలనుకుంటున్నామని చెప్పండి. ఆ రోజే దరఖాస్తు తేదీగా నమోదవుతుంది. డబ్బు దాని తర్వాతి నెల నుంచి లెక్కిస్తారు. అందుకే కాగితాలన్నీ కూడేదాకా ఆగొద్దు, ముందు ఫోన్ చేయండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా అడగవచ్చు. తప్పక అడగండి. పిల్లలు మధ్యలో మాట్లాడితే అమ్మ చెప్పనిది కూడా ఆమె మాటగా రికార్డవుతుంది. నేచురలైజేషన్ సర్టిఫికెట్ లేదా అమెరికా పాస్‌పోర్టు, పాత ఇండియన్ పాస్‌పోర్టులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి ఖర్చుల బిల్లులు, ఇండియా ఆస్తి, పెన్షన్ కాగితాలు కావాలి. దరఖాస్తుకు ఫీజు లేదు. నింపిపెడతామని ముందే వందల డాలర్లు అడిగేవాళ్లకు ఇవ్వకండి. ఆఫీసు ముందు మీ తరఫున వాదించేవాళ్ల ఫీజును కూడా సోషల్ సెక్యూరిటీ ఆమోదించాలి.

మంజూరయ్యాక డబ్బు 1వ తేదీన పడుతుంది. ఆ రోజు సెలవైతే ముందు పనిదినాన. ఇల్లు మారినా, మనవడు కాలేజీకి వెళ్లి ఇంట్లో తలలు తగ్గినా, ఆదాయం మారినా ఆ నెల ముగిసిన 10 రోజుల్లోపు చెప్పాలి.

ఎక్కువ చెల్లించామన్న ఉత్తరం వస్తే భయపడి వెంటనే చెక్కు రాయకండి. లెక్క తప్పనిపిస్తే 60 రోజుల్లోపు ఎస్ఎస్ఏ-561 ఫారంతో పునఃపరిశీలన కోరవచ్చు. తప్పు మీది కాదు, కట్టే స్తోమత లేదంటే ఎస్ఎస్ఏ-632తో మాఫీ అడగవచ్చు. చెల్లింపు తగ్గిస్తామన్న ఉత్తరమైతే 10 రోజుల్లో అప్పీలు వేస్తే తీర్పు వచ్చేదాకా పాత మొత్తమే వస్తుంది. వసూలు చేసినా సాధారణంగా నెలకు 10 శాతానికి మించి కోయరు. ఉత్తరం మీద తేదీకి ఐదు రోజులు కలిపి, ఆ రోజే చేరినట్టు గడువు లెక్కేస్తారు. కవరు కూడా పారేయకుండా ఉత్తరంతో పిన్ను చేసి ఉంచండి.